ఎనిమిది వందల పది గ్రాముల పిల్ల

మా అమ్మాయిని నేను మొదట ఫొటోలో చూశాను.

అది 1981 ఫిబ్రవరి. మేము న్యూజెర్సీలో ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. నేను బాపట్లలో బీయస్సీ చదివి, పెళ్ళయ్యాక ఆయనతోపాటు వచ్చేశాను. అప్పటికి వచ్చి రెండేళ్ళయింది. నేను కడుపుతో ఉన్నాను, ఆరో నెల దాటి కొద్ది రోజులే అయింది. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. తలనొప్పిగా ఉంటే చలికి అనుకున్నాను. చెకప్‌కి వెళ్తే నర్సు బీపీ చూసింది, మళ్ళీ చూసింది, మూడోసారి ఇంకొకరిని పిలుచుకొచ్చి చూపించింది. మధ్యాహ్నం రెండింటికల్లా నన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు.

మత్తు వదిలేసరికి పక్కన మా ఆయన లేరు. అది చిన్న ఆస్పత్రి. అంత ముందుగా పుట్టిన పిల్లల్ని చూసే ఏర్పాటు అక్కడ లేదు. ముప్ఫై మైళ్ళ దూరంలోని పెద్దాస్పత్రి నుంచి అంబులెన్సు వచ్చి పాపని తీసుకెళ్ళింది. దాని వెనకాలే ఆయన కారు వేసుకుని వెళ్ళారు. అంబులెన్సుతో వచ్చిన నర్సు వెళ్ళేముందు ఒక ఫొటో తీసి నా దిండు పక్కన పెట్టిందట. అప్పటికప్పుడు కెమెరాలోంచి బయటికి వచ్చే రకం ఫొటో అది. అందులో గొట్టాలు, తెల్లటి ప్లాస్టర్లు, చేతితొడుగు వేసుకున్న ఎవరిదో చేయి కనిపించాయి. పాప ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. కనిపించాక ఫొటోని బోర్లా పెట్టేశాను.

సాయంత్రానికి మా ఆయన తిరిగొచ్చారు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"ఎంతుంది?"

"చిన్నగా ఉంది."

"చిన్నగా అంటే ఎంతండీ?"

రెండు చేతులూ ఎత్తి కొలత చూపించబోయి దించేశారు. "ఎయిట్ హండ్రెడ్ అండ్ టెన్ గ్రామ్స్," అన్నారు. ల్యాబ్‌లో పొడి తూచి బరువు చెప్పినట్టు చెప్పారు. ఆ తర్వాత కుర్చీలో కూలబడి, కోటైనా విప్పకుండా ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

నాలుగో రోజు నన్ను డిశ్చార్జి చేస్తే, ఇంటికి వెళ్ళకుండా తిన్నగా పెద్దాస్పత్రికే వెళ్ళాం. పిల్లల యూనిట్ బయట చేతులు మోచేతుల దాకా బ్రష్షుతో రుద్ది కడుక్కోమన్నారు. చీర మీద పసుప్పచ్చ గౌను తొడిగారు. లోపలికి వెళ్తే ఎటు చూసినా మెషీన్ల మోత. మా ఆయన ఒక చోట ఆగి, "ఇదిగో," అన్నారు.

పైన వేడి దీపం వెలుగుతున్న ఒక బల్ల. దాని మీద వంటింట్లో గిన్నెల మీద కప్పేటటువంటి పల్చటి ప్లాస్టిక్ కాగితం. ఆ కాగితం కింద మా పాప. ఒళ్ళు ఎర్రగా, తడిసినట్టు మెరుస్తోంది. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. కళ్ళకి గంతలు. నోట్లో ఒక గొట్టం, బొడ్డులో ఒక గొట్టం. తొడ నా వేలంత ఉంది. ఒక చెవి కాగితంలా మడత పడిపోయి ఉంది. చేతులు కడుక్కున్న చోటికి తిరిగొచ్చేసి సింకు పట్టుకున్నాను.

"అది పిల్ల కాదండీ," అన్నాను.

ఆ మాట అన్నానన్న బాధ చాలా ఏళ్ళు నన్ను వదల్లేదు.

నా వెనకనుంచి ఎవరో తెలుగులో అన్నారు. "పిల్లేనమ్మా. బంగారంలాంటి ఆడపిల్ల. ఇలా రా, నేను చూపిస్తా."

ఆవిడ ఆ యూనిట్‌లో నర్సు. నలభై ఏళ్ళుంటాయి. గుంటూరు దగ్గర మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదువుకుని అమెరికా వచ్చింది. మా ఆయనా నేనూ మాట్లాడుకోవడం విని తెలుగువాళ్ళమని పోల్చుకుంది. నా భుజం పట్టుకుని మళ్ళీ లోపలికి నడిపించింది.

"ఈ చెవి చూశావా? ఇంకా గట్టిపడలేదు. ఎటు మడిస్తే అటే ఉండిపోతుంది. పక్క మార్చినప్పుడల్లా మనమే సరిచెయ్యాలి." తన చిటికెన వేలితో ఆ చెవిని మెల్లిగా విప్పి సాపు చేసింది. "ఇక ఈ డ్యూటీ నీది. వచ్చినప్పుడల్లా ముందు చెవి చూసుకో."

"ముట్టుకోవచ్చా సిస్టర్?"

"ముట్టుకో. నిమరకు మాత్రం, నిమిరితే తట్టుకోలేదు. చెయ్యి వేసి కదపకుండా ఉంచు."

అరచేయి వేస్తే పాప వీపు మొత్తం నా చేతి కిందికి వచ్చేసింది. వెచ్చగా ఉంది. మెషీను ఊదినప్పుడల్లా ఆ వీపు నా చేతిని పైకి నెడుతోంది.

"బతుకుతుందా?" అని అడిగాను.

"ఇవాళ బతికే ఉంది. రేపటి సంగతి రేపు అడుగు, రేపు చెప్తా." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "నీకు అబద్ధం చెప్పనమ్మా. నేను ఇక్కడ చేరిన కొత్తలో ఇంత బరువు పిల్లలకి మెషీనే పెట్టేవాళ్ళం కాదు. గుడ్డలో చుట్టి తల్లి చేతిలో పెట్టేవాళ్ళం. ఇప్పుడు పెడుతున్నాం. కొంతమంది ఇంటికి వెళ్తున్నారు, కొంతమంది వెళ్ళటం లేదు. ఇది ఎటో డాక్టర్‌కీ తెలీదు, నాకూ తెలీదు. పాలొస్తున్నాయా నీకు?"

నాలుగు రోజులుగా 'బాగుంది' అన్న మాటే విన్నాను. నిజం చెప్పే మనిషి దొరికేసరికి నాకు కాళ్ళలో సత్తువ వచ్చినట్టయింది.

పాలు తీసే మెషీను ఆస్పత్రిలో ఒక మూల గదిలో ఉండేది. అది నడుస్తుంటే బల్ల వణికేది. మొదటి రోజుల్లో అరగంట కూర్చుంటే చెంచాడు పాలు వచ్చేవి. ఇంత తక్కువా అని సిగ్గుపడుతూ ఇస్తే అక్క (రెండో వారానికే ఆవిడ నాకు అక్క అయింది) ఆ సీసాని వెలుగులో పెట్టి చూసి, "ఇది దానికి ఒక రోజు విందు," అనేది. పాప ముక్కులోంచి పొట్టలోకి వెళ్ళే సన్నటి గొట్టంలో రెండు గంటలకొకసారి ఒక్క మిల్లీలీటరు పోసేవారు. అంత చిన్న పిల్లలకి సరిపడే డయపర్లు అప్పుడు దొరికేవి కావు. డాక్టర్లు మూతికి కట్టుకునే మాస్కులనే నర్సులు పాపకి డయపర్‌లా కట్టేవారు.

మూడో వారంలో పాప బరువు ఏడు వందల ఇరవైకి పడిపోయింది. గుండె దగ్గర ఒక రక్తనాళం ఉంటుందట. పుట్టగానే అది మూసుకుపోవాలి. మా పాపకి మూసుకోలేదు. ఆపరేషన్ చెయ్యకపోతే ఊపిరి మెషీను తీయలేమనీ, చేస్తే తట్టుకుంటుందని హామీ ఇవ్వలేమనీ డాక్టరు చెప్పాడు. గడ్డం పెంచుకున్న కుర్రడాక్టరు. చెప్తున్నంతసేపూ మా వైపు కాకుండా పాప వైపే చూశాడు. కాగితాలు మా ముందు పెట్టి వెళ్ళాడు.

"అక్కా, నీ పిల్లయితే ఏం చేస్తావు?"

"సంతకం పెడతా. పెట్టి ప్రార్థన చేసుకుంటా."

మేము సంతకం పెట్టాం. అక్క తన లంచ్ మానేసి కింద ఉన్న చాపెల్‌కి వెళ్ళింది. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయనకి దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. ఆ గంటన్నరా ఆయన గోడకి ఉన్న పలకలు లెక్కపెట్టారు. నేను నాకు వచ్చిన స్తోత్రాలన్నీ చదువుకుంటూ, మధ్యలో మరిచిపోయి, మొదటికొస్తూ కూర్చున్నాను. డాక్టరు వచ్చి ఈసారి మా మొహాల్లోకి చూశాడు. అది చూసే నాకు అర్థమైంది, పాప తట్టుకుందని.

అందరు పిల్లలూ తట్టుకోలేదు. మా పాప పక్క మంచంలో ఇంకో పాప ఉండేది. వాళ్ళమ్మా నేనూ పాలు తీసే గదిలో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నా ఇంగ్లీషు ఆవిడకి సగం అర్థమయ్యేది, ఆవిడది నాకు సగం. ఒక సాయంత్రం వెళ్ళేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. కొత్త దుప్పటి పరిచి ఉంది. నేను మా పాప చెవి సరిచేసి, ఆ వైపు చూడకుండా నిలబడ్డాను.

గొంతులో గొట్టం ఉన్నన్నాళ్ళూ మా పాప ఏడిస్తే చప్పుడు వచ్చేది కాదు. మొహం ముడుచుకునేది, నోరు తెరిచేది, కాళ్ళు తన్నేది. అన్నీ ఏడుపే, శబ్దం ఒక్కటే లేదు. మార్చి చివర్లో ఒక రోజు పొద్దున్న పదకొండు గంటలకి ఇంట్లో ఫోను మోగింది. ఆస్పత్రి ఫోనంటే నాకు భయం. రిసీవర్ రెండు చేతులతో ఎత్తాను.

"నేనేనమ్మా," అంది అక్క. "ఏం మాట్లాడకు. ఊరికే విను."

ఆవిడ రిసీవర్ ఎక్కడో పెట్టింది. మెషీన్ల మోత వినిపించింది. ఆ మోతలోంచి, తుప్పు పట్టిన తలుపు బందు కిర్రుమన్నట్టు, సన్నగా బొంగురుగా ఒక గొంతు. ఆగింది. మళ్ళీ వచ్చింది.

"విన్నావా? గొట్టం తీసేశారు. నీ కూతురు అందర్నీ తిడుతోంది."

ఆ రోజు సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే, "నాకు కారు నేర్పండి," అన్నాను.

అప్పటిదాకా ఆయన ఆఫీసు అయ్యాక తీసుకెళ్తేనే నాకు పాప దర్శనం. పగలంతా అది అక్కడ, నేను ఇక్కడ. ఆ మొదటి ఏడుపు నేను ఫోనులో వినవలసి వచ్చింది. రెండోదైనా దగ్గరుండి వినాలనుకున్నాను. మా అపార్ట్‌మెంట్ల వెనక పార్కింగ్ లాట్‌లో రోజూ సాయంత్రం నేర్పేవారు. ఆయన మంచి కెమిస్టే కానీ మంచి గురువు కాదు. బ్రేకు తొక్కమనడానికి బదులు తనే ముందు డాష్‌బోర్డు కింద నేలని తొక్కేవారు. మొదటి టెస్టులో రెండు కార్ల మధ్య పార్క్ చేయబోయి అడ్డంగా పెట్టిన కర్రని పడగొట్టి ఫెయిలయ్యాను. రెండో టెస్టులో, నేను ఎందుకు నేర్చుకుంటున్నానో పక్కన కూర్చున్న ఆఫీసరుకి నా ఇంగ్లీషులో చెప్పేశాను. కర్ర పడకుండా నేను పార్క్ చేసేదాకా అతను ఓపిగ్గా కూర్చున్నాడు.

నాకోసం కొన్న పాత కారులో హైవే మీద ఒంటరిగా వెళ్ళిన మొదటి రోజు నలభై మైళ్ళ వేగం దాటలేదు. వెనక వచ్చిన ప్రతివాడూ హారన్ కొట్టి వెళ్ళాడు. కొట్టుకోనీ అనుకున్నాను. ఆస్పత్రికి చేరేసరికి జాకెట్టు చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది.

ఆ రోజునుంచి పొద్దున్న తొమ్మిదికి వెళ్తే మా ఆయన వచ్చేదాకా పాప దగ్గరే. దాన్ని అప్పటికి గాజుపెట్టెలోకి మార్చారు. ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోయేది. మెషీను గంట కొట్టేది. మొదటిసారి నేను కెవ్వున అరిచాను. అక్క నింపాదిగా వచ్చి, చెయ్యి లోపలికి పెట్టి, అరికాలి మీద వేలితో టక్కున కొట్టింది. "ఊపిరి తీసుకోవే, ఎన్నిసార్లు గుర్తు చెయ్యాలి నీకు?" పాప ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంది. వారం తిరిగేసరికి ఆ పని నాకూ వచ్చింది. అరవడం మానేశాను.

మే నెలలో, అసలు పుట్టవలసిన తేదీకి రెండు రోజుల ముందు, పాపని ఇంటికి తెచ్చుకున్నాం. రెండు కిలోల పైచిలుకు ఉంది. ఊపిరి ఆగితే గంట కొట్టేది, ఛాతీకి బెల్టులా కట్టే ఒక చిన్న మెషీను దాంతోపాటే వచ్చింది.

మా అమ్మాయికి రెండు వయసులు ఉండేవి. పుట్టిన రోజు నుంచి లెక్కపెడితే ఒకటి, పుట్టవలసిన రోజు నుంచి లెక్కపెడితే ఇంకొకటి. పిల్లల ఎదుగుదల చూసే క్లినిక్‌లో రెండో లెక్కే పనికొచ్చేది. కానీ తెలుగువాళ్ళ ఇళ్ళలో కలిసినప్పుడు, "ఎన్నో నెల? ఇంకా కూర్చోవడం లేదా? మావాడు ఈపాటికి పాకేవాడు," అంటే ఏ లెక్క చెప్పాలో తోచేది కాదు. కొన్నాళ్ళకి రెండో లెక్కలోంచి కూడా ఇంకో నెల తగ్గించి చెప్పడం మొదలుపెట్టాను. ఆ అబద్ధం నాకు భలే సుఖంగా ఉండేది.

ఏడాది దాటాక కూర్చుంది. పిక్కలు బిగుసుకుపోయి ఉండటంతో నిలబెడితే మునివేళ్ళ మీదే నిలబడేది. ఒక ఫిజికల్ థెరపిస్టు నేర్పినట్టు రోజూ మూడుసార్లు దుప్పటి మీద పడుకోబెట్టి పాదాలు వెనక్కి వంచి పట్టుకునేదాన్ని. అది ఏడ్చేది, నేను కథలు చెప్పేదాన్ని. కాకి, పిచ్చుక, మా బాపట్ల రైల్వే గేటు, గేటు పడినప్పుడు సైకిళ్ళ వరస, ఏది తోస్తే అది. రెండేళ్ళు నిండబోతుండగా సోఫా వదిలి టీవీ దాకా ఐదడుగులు నడిచింది. ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసులో పనిచేసే వాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పారు.

మాటలు మాత్రం రాలేదు. రెండున్నర ఏళ్ళకి కూడా వేలు చూపించి మూలగడమే. వినికిడి పరీక్ష చేస్తే చెవులు బాగున్నాయన్నారు. క్లినిక్‌లో పిల్లలకి పరీక్షలు పెట్టే ఒక పెద్దావిడ ఉండేది. తెల్ల జుట్టు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. చెక్క దిమ్మలు పేర్చమనేది, గిన్నె కింద గంట దాచి వెతకమనేది. దాచినవన్నీ మా అమ్మాయి వెతికి తీసేది. 'కుక్క ఏది, బంతి ఏది' అని ఆవిడ ఇంగ్లీషులో అడిగితే మాత్రం గోడ వైపు చూసేది.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని అడిగింది ఆవిడ.

చెప్పాం.

"పాపకి ఒక భాషే కష్టంగా ఉంది. రెండు భాషల బరువు వద్దు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి," అంది. మా మంచికే చెప్పింది. కారెక్కగానే మా ఆయన, "ఇవాళ్టి నుంచి ఇంట్లో నో తెలుగు. నువ్వూ నేనూ కూడా," అన్నారు.

తెలుగులో నేను వాగుడుకాయని. బెండకాయలు తరుగుతూ బెండకాయలతో కూడా మాట్లాడే రకం. ఇంగ్లీషులో నాకు ఆజ్ఞలే వచ్చు. కమ్. ఈట్. సిట్. నో. గుడ్ గర్ల్. అవి అయిపోయాక నా దగ్గర మాటలుండేవి కావు. కాళ్ళ వ్యాయామం చేయిస్తూ కథ మొదలుపెట్టబోయి నాలుక కరుచుకునేదాన్ని. 'వన్, టూ, త్రీ' అని లెక్కపెట్టేదాన్ని. అది నా నోటి వైపు కాసేపు చూసి, ఇంకేమీ రాదని తెలుసుకుని మొహం తిప్పేసుకునేది. సాయంత్రం ఆయన వచ్చాక ముగ్గురం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. అలా ఎనిమిది నెలలు గడిచాయి. మూలగడం కూడా తగ్గించేసింది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అక్క మా ఇంటికి వచ్చింది. తెలుగువాళ్ళు పది కుటుంబాలు కలిసి ఒక బేస్‌మెంట్లో ఆరాధన పెట్టుకునేవారు, అది మా ఇంటికి దగ్గరే. పాప ముందు నేల మీద చతికిలబడి, "ఏమే, నన్ను మరిచిపోయావా?" అంది.

"అక్కా, ఇంగ్లీష్ ప్లీజ్," అన్నారు మా ఆయన.

"ఎందుకు బాబూ?"

ఆయన చెప్పారు. ఆవిడ మొత్తం విని, నా వైపు చూసి, "నువ్వేంటి ఇంత చిక్కిపోయావు?" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఇది పెట్టెలో ఉన్నప్పుడు మూడు నెలలు నేను తెలుగులోనే తిట్టా దీన్ని," అంది అక్క. "వాళ్ళు పెట్టే ఆ పరీక్షల గురించి నేను చదవలేదు. మాటలు ఎలా వస్తాయో నాకు తెలీదు. కానీ ఈ ఇంట్లో తల్లి నోరు మూతపడిపోయింది. అది మాత్రం నాకు కనపడుతోంది."

"వాళ్ళు ఎక్స్‌పర్ట్స్ కదా అక్కా," అన్నారు మా ఆయన.

అప్పుడు నేను నోరు తెరిచాను. "మీరు ఆఫీస్‌కి వెళ్ళాక నేను రోజంతా దీనితో ఎన్ని మాటలు మాట్లాడతానో తెలుసా? ఇరవై. అంతకన్నా నాకు రావు. దానికి మాటలు ఎక్కణ్నుంచి వస్తాయండీ, నా దగ్గరే లేకపోతే?"

ఆయన వచ్చి పాప పక్కన నేల మీద కూర్చున్నారు. "నాకు భయమేసింది," అన్నారు. "ఇంగ్లీష్ రాకపోతే స్కూల్లో దీన్ని ఓ మూల కూర్చోబెట్టేస్తారేమోనని." ఆ తర్వాత పాపని ఎత్తుకుని, తెలుగులో, "అన్నం తిందామా అమ్మా?" అని అడిగారు. అది ఆయన మొహంలోకి వింతగా చూసింది.

మర్నాటి నుంచి నా వాగుడు మళ్ళీ మొదలైంది. ఎనిమిది నెలల బాకీ తీర్చుకున్నట్టు మాట్లాడాను. ఫ్రిజ్‌తో, చీపురుతో, కిటికీలోంచి కనపడే పోస్ట్‌మ్యాన్‌తో. ఏడు వారాల తర్వాత పాపకి స్నానం చేయించి టబ్బు బిరడా తీశాను. నీళ్ళు సుడి తిరుగుతూ దిగిపోతుంటే అది టబ్బు అంచు పట్టుకుని వంగి చూస్తోంది. ఆఖరి నీళ్ళు గరగరమంటూ పోయాయి.

"ఐపోయీ," అంది.

నేను తువాలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ తర్వాత బిరడా పెట్టి టబ్బు మళ్ళీ నింపాను. మళ్ళీ తీశాను. "ఐపోయీ." నాలుగుసార్లు నింపాను. మా ఆయన వచ్చేసరికి ఐదోసారి నింపి సిద్ధంగా ఉంచాను. టై కూడా విప్పకుండా ఆయన బాత్రూం నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళు దిగిపోవడం ఊపిరి బిగపట్టి చూశారు. అది టబ్బు వైపు చూసింది, ఆయన వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆయన మొహం చిన్నబోయింది. లేవబోతుంటే ఆయన టై పట్టుకుని లాగి, "నానా ఐపోయీ," అంది.

తర్వాతి క్లినిక్ రోజున నేను ఒక కవరు వెనక పదకొండు మాటలు రాసుకుని వెళ్ళాను. ఆ పెద్దావిడ ఎదురుగా కూర్చుని, నా ఇంగ్లీషులో చెప్పాను. మీరు చెప్పినట్టు చేశాం, అది పని చెయ్యలేదు, ఇప్పుడు పదకొండు మాటలు వచ్చాయి, అన్నీ తెలుగే, దయచేసి రాసుకోండి.

కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కవరు అందుకుంది. ఒక్కొక్క మాటా ఎలా పలకాలో అడిగి, పక్కన అర్థం రాసుకుంది. 'ఐపోయీ' పలకడానికి ఆవిడకి మూడుసార్లు పట్టింది. "ఈసారి నేను అడిగేవి నువ్వు మీ భాషలో అడుగు," అంది. నేను అడిగితే మా అమ్మాయి కుక్కని చూపించింది, బంతిని చూపించింది, చెప్పును చూపించింది. పరీక్ష అయ్యాక ఆవిడ కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"ఇంత చిన్నగా పుట్టిన పిల్లలు నడిచి నా గదిలోకి రావడం ఈ మధ్యే మొదలైంది," అంది. "వీళ్ళు ఎలా పెరుగుతారో మాకూ పూర్తిగా తెలీదు. నేనూ నేర్చుకుంటున్నాను. క్రితంసారి నేను తొందరపడ్డాను."

ఆవిడ మీద నాకు గౌరవం ఆ రోజే మొదలైంది. మేము ఇంట్లో తెలుగు మానేసింది ఆవిడ ఒక్క మాటతోనే అయినా.

ఇంగ్లీషు ఎలా వస్తుందోనని మా ఆయన పడ్డ భయం నర్సరీ స్కూల్లో వేసిన మూడు నెలలకే తీరిపోయింది. ఆ తర్వాత అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నాలుగో ఏట కళ్ళద్దాలు వచ్చాయి, మందంగా. నడకలో కొద్దిగా ఈడ్పు ఉండిపోయింది. స్కిప్పింగ్ తాడు రాదు, చొక్కా బొత్తాలు రావు, అంకెలు అటుదిటు ఇటుదటు అయిపోయేవి. కిండర్‌గార్టెన్ ఏడాది చివర టీచరు మమ్మల్ని పిలిచి, ఇంకో ఏడాది ఇక్కడే ఉంచుదామంది. ఇంటికొచ్చాం. ఎలా చెప్పాలా అని మేము తటపటాయిస్తుంటే మా అమ్మాయి అడిగింది. "సేమ్ టీచరా?"

"అవునమ్మా."

"సేమ్ ర్యాబిట్?" ఆ క్లాసులో ఒక కుందేలు ఉండేది.

"అదే."

"అయితే ఓకే," అని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

1987 వేసవిలో థెరపిస్టు ఈత మంచిదంది. మా టౌన్‌లో అందరూ వాడుకునే పూల్ ఒకటి ఉంది. నాకు ఈత రాదు. సల్వార్ కమీజుతో పూల్ గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నీళ్ళలో ఉన్న మా అమ్మాయి తల మీంచి చూపు తిప్పేదాన్ని కాదు. కళ్ళద్దాలు నా చేతిలో ఉండేవి. నేల మీద బరువుగా కదిలే ఆ కాళ్ళు నీళ్ళలో తేలికైపోయేవి. జూన్‌లో గట్టు పట్టుకుని కాళ్ళు కొట్టింది. జులైలో నీళ్ళలో తేలే పలక పట్టుకుని కొట్టింది.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం, మా ఆయన అవతలి గట్టున కూర్చుని పేపరు చదువుతున్నారు. మా అమ్మాయి ఇటు గట్టు వదిలింది. పలక లేదు. తల మునిగింది, తేలింది, చేతులు ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా పడుతున్నాయి. ఈత నేర్పే అమ్మాయి రెండడుగుల దూరంలో చేతులు చాపి, ముట్టుకోకుండా పక్కనే నడుస్తోంది. నేను కుర్చీలోంచి లేచి నీళ్ళ అంచుకి వచ్చేశాను, నేను దూకితే ఏం లాభమో ఆలోచించలేదు. అది నడుమ ఒకసారి ఆగి, నీళ్ళు మింగి, దగ్గి, మళ్ళీ బయల్దేరింది. అవతలి గట్టు అందుకుంది. మా ఆయన పేపరు నీళ్ళలో పడిపోయింది. ఆయన దాన్ని తీసుకోలేదు.

నేను పూల్ చుట్టూ తిరిగి పరుగెత్తి వెళ్ళేసరికి అది గట్టెక్కి కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది.

"అమ్మా, నువ్వు చూశావా?"

"చూశానే."

"మొత్తం?"

"మొత్తం చూశాను."

"నాకు చిప్స్ కావాలి," అంది. కళ్ళద్దాలు తీసుకుని పెట్టుకుని, తడి పాదాల గుర్తులు వదులుతూ నడిచి వెళ్ళి, స్నాక్స్ అమ్మే కిటికీ ముందు అందరి వెనకా లైన్‌లో నిలబడింది.